సారవ్వ చూసిన బాయి

జనం నవ్వితే నవ్వనీ, కానీ చూడాలి, ఇవాళ సారవ్వ బాయి చూడాలి అనుకుంటూ సదయ్య గడ్డం మీద రెండోసారి సబ్బు రుద్దాడు. బొగ్గుబాయిలోకి, ఆ భూగర్భ గనిలోకి, ఆడవాళ్లను దిగనిచ్చేవారు కాదు. పెళ్లైనప్పటి నుంచి తాను రోజూ దిగిన చోటును భార్య సారవ్వ ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు కంపెనీ గోదావరిఖనిలో పాతకాలపు బాయి నమూనాను నేల మీదే, కిటికీల్లేని షెడ్డులో కట్టించింది. వచ్చినవాళ్లకు దాన్ని చూపించే పని సదయ్యది. ఇవాళ అతని ఉద్యోగంలో ఆఖరి షిఫ్టు. గుండె మాత్రం పెళ్లినాటిలా కొట్టుకుంటోంది.

గేటు దగ్గర టికెట్లు చూసే గులాం అలీ అడ్డం నిలబడ్డాడు.

"ఏం సదన్నా, పెళ్లికొడుకు లెక్క తయారైనవ్. వదినెకు టికెట్టు తీస్తివా?"

"రిటైరయ్యేటోనికి దావత్ ఇయ్యకుండ నాకు టికెట్టేంది తమ్మీ," అంది సారవ్వ.

లోపల అడుగుపెట్టే ముందు సదయ్య అలవాటుగా చేతికర్రెత్తి పైకప్పును కొట్టాడు. బాయిలో గట్టి కప్పు ఖంగుమంటుంది. కూలబోయేది డొల్లగా పలుకుతుంది. ఇది డొల్లగా పలికింది. అతను సారవ్వ భుజం పట్టి వెనక్కి గుంజేశాడు.

"ఆగు. కప్పు మంచిగ లేదు."

వెనక వరుసలో జనం పకపకా నవ్వారు. "అది చెక్క, సదన్నా," అన్నాడు గులాం అలీ. సదయ్య కూడా నవ్వాడు. చెవులు వేడెక్కాయి.

లోపలంతా ట్యూబులైట్లు. గోడలకు నిగనిగలాడే నల్లరంగు. ఇస్త్రీ చొక్కాలో నవ్వుతున్న ప్లాస్టరు కార్మికుడు. సారవ్వ మొహం వెలిగిపోయింది.

"నువ్వు చెప్పినట్టే ఉన్నదయ్యా. బజారు లెక్క లైట్లు. నేనే ఉత్తగ ఫికర్ పడ్డ."

కొత్తకాపురంలో ఆమె భయంతో అన్నం మానేస్తే తాను చెప్పిన అబద్ధం అది. ఇప్పుడు కంపెనీ దానికి రంగులేసి నిలబెట్టింది. ఇలాగే వదిలేస్తే ఆమె నిశ్చింతగా ఉంటుంది. కానీ అన్నేళ్లు చీకట్లో పాకిన తనలోని మనిషి ఎవరు? అతన్ని ఆమె ఎన్నడూ కలుసుకోనే లేదు. కలుసుకుంటే?

జనం ముందుకు సాగిపోయారు. సదయ్య అక్కడి లైట్లు ఆర్పేశాడు.

"ఏమయ్యా, యాడున్నవ్?"

"ఈడనే. నీ చెయ్యి నీకు కనవడ్తుందా?"

"లేదు."

"గిట్లనే ఉంటుండె. నెత్తి మీద గింతంత దీపం. కడమదంత గీ చీకటే."

చీకట్లోనే కర్రతో కప్పు తట్టాడు. టక్, టక్. సారవ్వ ఆ చప్పుడు వైపు తిరిగింది.

"ఇంట్లకు వచ్చేటప్పుడు దర్వాజ మీద గిట్లనే కొడ్తవు. దేవునికి మొక్కుతున్నవనుకున్న."

"కాదే. కప్పు గట్టిగున్నదా అని చూస్తుంటి."

ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని మణికట్టును పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

షిఫ్టు ముగిసిందని సైరన్ మోగింది. సదయ్య లైటు వేసి, కర్రను ప్లాస్టరు మనిషి భుజానికి ఆనించాడు. సారవ్వ గడప దగ్గర ఆగి, వేళ్ల కణుపులతో దర్వాజను తట్టి, అప్పుడు బయటికి నడిచింది. అతను ఆమె వెనకే వెళ్లిపోయాడు.

లోపల, మసిబారిన ఆ కర్ర మీద, అరచెయ్యి పట్టే చోటు మాత్రం అరిగి తెల్లగా మెరుస్తోంది.