తిరగలి ఆగిందని చెప్పిందెవరు?

అంబులెన్సు గేటు దాటకముందే రబ్బరు గొట్టం పెట్టి నెత్తురు కడిగించారు. కడిగిన నీళ్లు ఇంకా కాలవలోకి పోతూనే ఉన్నాయి. మేనేజరు చేతి గడియారం చూసుకుని, "ఏంటింకా చూస్తున్నారు? స్టార్ట్ చెయ్యండి" అన్నాడు. నలభై మంది నిలబడి ఉన్నారక్కడ. ఒక్కడు నోరెత్తితే ఒట్టు. పోనీ, స్విచ్చు వేసిందెవరనుకుంటున్నారు? చేతులు పోగొట్టుకున్నవాడి సొంత బావే. మిషను మేస్త్రి. ముందు ఆ సిగ్గుమాలిన పని గురించే చెప్పుకుందాం. పోరాటం చేసినవాళ్లు మొదటి నుంచీ పిడికిలి బిగించే ఉంటారని మీకెవరైనా చెబితే నమ్మకండి.

ఆ కంపెనీలో చెక్కను పీచు చేస్తారు. దుంగల్ని చిన్న ముక్కలు కొట్టి, ఆవిరిలో ఉడకబెట్టి, రెండు ఇనప పళ్లేల మధ్యకు తోస్తారు. ఒక్కో పళ్లెం మనిషి ఛాతీ దాకా ఉంటుంది, ముఖం నిండా గాట్లు. ఒకటి కదలదు, రెండోది తిరుగుతుంది. మధ్యలో గోరు దూరనంత సందు. అటునుంచి చెక్క పోతే ఇటునుంచి తడి పీచు వస్తుంది. దాన్ని నొక్కి అట్టలు చేస్తే మీ ఇంటి బీరువా తలుపవుతుంది. కాగితాల మీద ఆ మిషనుకు పెద్ద పేరే ఉంది గాని, పనివాళ్లు దాన్ని తిరగలి అంటారు.

ఈ తిరగలి కరెంటు తీసెయ్యగానే ఆగే రకం కాదు. అంత బరువు, అంత వేగం. దానంతటది నెమ్మదించి పూర్తిగా నిలబడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పైన ఇనప డొప్ప ఉంటుంది కాబట్టి, లోపల తిరుగుతోందో ఆగిందో కంటికి తెలియదు. అది చెప్పడానికి ఒక మీటరుండేది, ఆరేళ్ల కిందట పాడైంది. కొత్తది అడిగితే మేనేజరు నవ్వి, "మన మేస్త్రి చెవి ఉండగా మీటరెందుకయ్యా?" అన్నాడు. ఆగేదాకా తలుపు తెరుచుకోకుండా పట్టి ఉంచే తాళం కూడా ఒకటుండేది. దానివల్ల ఆలస్యమవుతోందని తీగ ముక్క చుట్టించి దాన్నీ చచ్చుపడేయించాడు.

అప్పటి నుంచీ తిరగలిని ఆపినప్పుడల్లా మేస్త్రి ఒక ఇనప కడ్డీని డొప్పకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని నిలబడేవాడు. కళ్లు మూసుకుని కాసేపు విని, తలూపేవాడు. అప్పుడు తలుపు తెరిచేవాళ్లు. 'చెవి మేస్త్రి' అని పేరు పెట్టారు. మనవాడు ఆ పేరు వింటే పొంగిపోయేవాడు.

ఆ రోజు ముక్కలు అడ్డుపడి తిరగలి గొంతు పూడుకుపోయింది. ఆపారు. తలుపు దగ్గర మేస్త్రి బామ్మర్ది నిలబడ్డాడు. నలభై ఏళ్లవాడు, చావు ఇంట్లో కూడా నవ్వించగలడు. మేస్త్రి కడ్డీ చెవికి పెట్టుకున్నాడు. ఎనిమిదో నిమిషానికి మేనేజరు వచ్చి ఎదురుగా నిలబడి, "ఇంకెంతసేపు? ఇక్కడే కాపురం పెడతారా?" అన్నాడు. మేస్త్రి తలూపాడు. బామ్మర్ది తలుపు తెరిచి, ఉడికిన పీచు ముద్దను బయటికి లాగడానికి రెండు చేతులూ లోపల పెట్టాడు.

మేస్త్రికి చెవుడు. నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఏళ్లుగా చెవుడే. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఇరవై రెండేళ్లు ఆ మిషను పక్కన నిలబడినవాడికి ఇంకేం మిగులుతుంది? మూసినట్టుండే ఆ కళ్ల సందులోంచి గోడ గడియారం చూసుకునేవాడు. ఇరవై నిమిషాలు కాగానే తలూపేవాడు. ఆ ఒక్క రోజే ఎనిమిది నిమిషాలకు ఊపాడు.

ఈ సంగతి తెలిసిన మనిషి ఒకతె ఉంది. అతని భార్య. ఏళ్ల తరబడి అరిచి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు బొంగురుపోయింది. ఆ సాయంత్రం మాత్రం అరవలేదు. అతని ఎదురుగా పీట వేసుకుని, పెదాలు కనపడేలా కూర్చుని, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"పక్కన నిలబడి పిలిస్తే పలకవు. ఇనప డొప్ప లోపల చప్పుడు నీకెలా వినపడిందయ్యా?"

అతను తల దించుకున్నాడు.

"తల దించకు. దించితే నా మాట నీకెలా తెలుస్తుంది? నా వైపు చూడు. నువ్వు తలూపితేనే నా తమ్ముడు చేతులు పెట్టాడా?"

"ఊఁ."

ఆమె లేచి రెండు కంచాల్లో అన్నం వడ్డించి, మళ్లీ ఎదురుగా వచ్చి కూర్చుంది. తర్వాత అంది: "నీకు చెవుడని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఉద్యోగం పోతుందని వాడికి కూడా చెప్పలేదు. నీ పాపంలో సగం నాదే. లే, అన్నం తిను."

కంచాల్లో అన్నం అలాగే ఉండిపోయింది.

మూడో రోజు మేనేజరు మేస్త్రిని తన గదిలోకి పిలిచి, ఎన్నడూ లేనిది కుర్చీ చూపించి, ఒక కాగితం ముందు పెట్టాడు. 'మేస్త్రి వారిస్తున్నా లెక్కచెయ్యకుండా, కార్మికుడు తన నిర్లక్ష్యం వల్ల తలుపు తెరిచాడు' అని ఉంది అందులో.

"శుక్రవారం ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయన ముందు ఒకసారి మిషను ఆపి, నీ చెవి ఎలా పనిచేస్తుందో చూపించు. ఈ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చెయ్. నీకింకా నాలుగేళ్ల సర్వీసుంది. ఒక ఇంట్లో ఇద్దరూ మునగడమెందుకు?" అంటూ భుజం మీద చెయ్యి వేశాడు.

మేస్త్రి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. బామ్మర్దికి కుడి చెయ్యి మోచేతి దాకా, ఎడమ చెయ్యి మణికట్టు దాకా లేవు. మిగిలిన వాటికి తెల్లటి కట్లున్నాయి. కాగితం మొహం ముందు పట్టుకోమని చదివాడు.

"బాగా రాశారు బావా. నా గురించి నాకే ఇంత తెలీదు."

"నన్ను తిట్టరా. నాకు వినపడదురా. నీకు చెప్పకుండా..."

"నువ్వు చెప్పాలా? పదేళ్లు పక్కన పనిచేశాను. గడియారం చూస్తావనీ తెలుసు. ఆ రోజు నేను గడియారం చూడలేదు, నీ మొహం చూశాను. అదీ నా తప్పు." బామ్మర్ది నవ్వాడు. "నాకు మాత్రం వినపడుతోందా ఏంటి? డాక్టరు వెనకనుంచి మాట్లాడితే గోడ మాట్లాడినట్టే. సంతకం పెట్టెయ్ బావా. నేను పెడదామన్నా చేతుల్లేవు. ఇంటికి ఒక్కడైనా ఉండాలిగా సంతకం పెట్టేవాడు."

చెప్పుతో కొట్టినా భరించేవాడు మేస్త్రి. ఆ నవ్వు మాత్రం భరించలేకపోయాడు. నర్సులు చూస్తుండగానే మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడు.

కాగితం సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. గురువారం షిఫ్టు మారే వేళ సైకిళ్ల స్టాండులో కార్మిక సంఘం మీటింగు పెట్టింది. చెక్క ముక్కల యార్డులో పారపట్టే ఒకావిడ బోర్లించిన గంప ఎక్కి నిలబడింది. వాదనకు దిగితే ఎదుటివాడిని నీళ్లు తాగించందే వదలదు కాబట్టి ఆవిడను లాయరమ్మ అంటారు.

"మీటరు లేదు, తలుపుకి తాళం లేదు. ఆరేళ్లలో మనం ఒక్కసారైనా గట్టిగా అడిగామా?" అంది లాయరమ్మ.

"మేస్త్రి చెవి ఉందిగా" అన్నాడు బాయిలరు దగ్గర పనిచేసే ముసలాయన. "ఆ సంతకమేదో పెట్టనివ్వమ్మా. వాడి చేతులు ఎలాగూ రావు. మేస్త్రిని కూడా రోడ్డు మీద పడేస్తామా?"

"రేపు నీ చేతులు పోయినా ఇదే కాగితం ఇస్తారు పెద్దాయనా. పేరొక్కటే మారుస్తారు."

మేస్త్రి లేచాడు. తనకు వినపడదని చెప్పాడు. గడియారం సంగతి చెప్పాడు. ఎనిమిది నిమిషాల సంగతి చెప్పాడు. అంతలో ఒక ఫిట్టరు, బామ్మర్దికి ప్రాణస్నేహితుడు, దూసుకొచ్చి మేస్త్రి కాలరు పట్టుకున్నాడు.

"నీ ఉద్యోగం కోసం మా చేతులు పెట్టించావురా? నువ్వు మనిషివేనా?"

"కాలరు వదులు" అంది లాయరమ్మ గంప దిగి వస్తూ. "మొన్న చెవుల పరీక్షలో నువ్వెన్ని కూతలు విన్నావు?"

ఫిట్టరు కాలరు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"చెప్పవయ్యా. ఎన్ని?"

"ఏడు."

"నిజంగా విన్నావా?"

మీకూ చెప్పాలి కదా. ఏడాదికోసారి కంపెనీ డాక్టరు వస్తాడు. చెవులకు డిప్పలు తగిలించి కూతలు వినిపిస్తాడు. వినపడినప్పుడల్లా వేలెత్తాలి. వినపడనివాడు పనికిరాడని ఇంటికి పంపేస్తారు. ఆ కూతలు ఏటా ఏడే, వాటి మధ్య ఎడం కూడా అంతే. అందుకని మొదట బయటికొచ్చినవాడు వరసలో ఉన్నవాళ్లకు ఎప్పుడెప్పుడు వేలెత్తాలో చెప్పేస్తాడు. అందరూ పాసు. తోటివాడి కూడు నిలబెడుతున్నామనే అనుకున్నారు పాపం. ఆ ఉపాయం కనిపెట్టిన మొనగాడు మన మేస్త్రే.

ఫిట్టరు చెయ్యి కాలరు మీద నుంచి జారిపోయింది.

"వినపడదంటే తీసేస్తారని దాచుకున్నాం" అంది లాయరమ్మ. "మన చెవులు తిన్నది వాళ్ల మిషను. సిగ్గుపడి దాక్కున్నది మనం. నాకూ ఎడమ చెవి పోయింది. రేపు ఇన్‌స్పెక్టరు ముందు చెబుదామా, లేదా?"

"చెబితే అందర్నీ గెంటేస్తారు" అన్నారు కొందరు. "చెప్పకపోతే ఒక్కొక్కణ్ణీ నరుకుతారు" అన్నారు ఇంకొందరు. అరుచుకున్నారు, తిట్టుకున్నారు. ఏదీ తేలలేదు. ఎవరి సైకిలు వాళ్లు తీసుకుని పోయారు.

శుక్రవారం పొద్దున్నే ఇన్‌స్పెక్టరు కొత్త హెల్మెట్టు పెట్టుకుని వచ్చాడు. మేనేజరు పెళ్లివారికి ఇల్లు చూపించినట్టు షెడ్డంతా తిప్పి చూపించాడు. తిరగలి ఆపించి, "మా మేస్త్రి చెవి చూడండి సార్, ఏ మీటరూ దీని ముందు పనికిరాదు" అన్నాడు. నలభై మంది పని వదిలి చుట్టూ చేరారు.

మేస్త్రి కడ్డీ ఆనించాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. మూడు నిమిషాలకు కడ్డీ దించి, "నాకేమీ వినపడటం లేదు" అన్నాడు.

"అంటే ఆగినట్టే సార్" అన్నాడు మేనేజరు ఠపీమని.

"ఆగలేదు. నాకు చెవుడు. మీరు పెట్టుకుని చూడండి."

ఇన్‌స్పెక్టరు కడ్డీ చెవికి పెట్టుకున్నాడు. మొహంలో రంగు మారింది. "తిరుగుతోంది!" అన్నాడు.

"ఆ రోజూ తిరుగుతూనే ఉంది. నేను ఆగిందని తలూపాను. తొందరపెట్టింది ఈయన. మీటరు ఉండాల్సిన చోట ఆ కన్నం చూడండి. తాళానికి చుట్టిన తీగ చూడండి. మా వాడి తప్పేమీ లేదు. ఈ కాగితం మీద నేను సంతకం పెట్టను."

మేనేజరు మొహం మాడిపోయింది. "దొంగవెధవ! ఇన్నాళ్లూ కంపెనీని మోసం చేశాడు సార్. వీడొక్కడి వల్ల..."

"ఒక్కడు కాదు." ఫిట్టరు ముందుకొచ్చి ఇన్‌స్పెక్టరు చేతిలోంచి కడ్డీ తీసుకున్నాడు. చెవికి పెట్టుకున్నాడు. "నాకూ వినపడటం లేదు" అన్నాడు. పక్కవాడికి ఇచ్చాడు. "నాకూ లేదు." బాయిలరు ముసలాయన అందుకున్నాడు. "నాకు అసలే లేదు బాబూ." కడ్డీ చేతులు మారుతూ పోయింది. పీచు ఎత్తేవాళ్లు, అట్టలు నొక్కేవాళ్లు, గ్రీజు పట్టేవాళ్లు, తుడిచేవాళ్లు. నలభై మందిలో ముప్ఫై ఒక్కరు. ఇన్నేళ్లుగా పెళ్లాం బిడ్డల దగ్గర కూడా దాచుకున్న మాట నలుగురిలో చెప్పేశారు.

ఇన్‌స్పెక్టరు అంతా రాసుకున్నాడు. న్యాయం జరిగిందనుకుంటున్నారా? 'ప్రమాదానికి కారణం: మేస్త్రి తన వినికిడి లోపాన్ని దాచిపెట్టుట' అని రాశాడు. మీటరు సంగతి ఆఖరి పేజీలో 'వీలైనచో అమర్చుకొనవలెను' అన్నాడు. మధ్యాహ్నానికల్లా పోలీసులొచ్చి మేస్త్రికి బేడీలు వేశారు. మేనేజరు మీద ఈగ కూడా వాలలేదు.

"తమాషా అయిపోయిందిగా. స్టార్ట్ చెయ్యండి" అన్నాడతను.

ఎవరూ కదల్లేదు. "నీకే చెబుతున్నా, స్విచ్చు వెయ్" అని ఫిట్టరు మీదికి వెళ్లాడు. ఫిట్టరు స్విచ్చుకు వీపు ఆనించి కింద కూర్చున్నాడు. లాయరమ్మ అతని పక్కన కూర్చుంది. బాయిలరు ముసలాయన కూర్చున్నాడు. మేనేజరు గొంతు చించుకుంటే, "వినపడటం లేదు సార్" అని వెనకనుంచి ఎవరో అన్నారు. షెడ్డంతా గొల్లున నవ్వింది.

పోలీసు వ్యాను కదిలేసరికి వాళ్లలో సగం మంది గేటు దాకా వచ్చారు. రెండో షిఫ్టు వాళ్లు బయటే నిలబడిపోయారు. వెనక జాలీలోంచి మేస్త్రి చూశాడు. పిడికిళ్లు లేస్తున్నాయి. నోళ్లన్నీ ఒకేసారి కదులుతున్నాయి. దూరం పెరిగేకొద్దీ పెదాలు అందడం లేదు.

"ఏమంటున్నారు వాళ్లు?" అని పక్కనున్న కానిస్టేబుల్ని అడిగాడు.

కానిస్టేబులు ఏదో గొణిగాడు.

"చెవిటోణ్ణి నాయనా. అందుకేగా పట్టుకెళ్తున్నారు. కాస్త గట్టిగా చెప్పు."

"మీటరు పెట్టందే మిషను ముట్టం అంట."

"ఆఁ? ఇంకా గట్టిగా."

కానిస్టేబులుకు ఒళ్లు మండింది. మేస్త్రి చెవిలో నోరు పెట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు: "మీటరు పెట్టందే మిషను ముట్టం!"

ముందు సీట్లో కునుకుతున్న అధికారి ఎగిరిపడి వెనక్కి తిరిగాడు. "ఎవడ్రా అది వ్యానులో నినాదాలిచ్చేది?"

అది మేస్త్రికి వినపడలేదు. కానిస్టేబులు అరిచింది మాత్రం వినపడింది. బేడీలతోనే రెండు చేతులూ పైకెత్తి, అదే మాట తనూ అందుకున్నాడు. స్టేషను వచ్చేదాకా ఆపలేదు.