మందు అలవాటు

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పదహారేళ్ల కాపురంలో ఆయన నోట అబద్ధమన్నది వినలేదు. అలాంటిది, కళ్లు పచ్చబడ్డాయని తీసుకెళ్తే, డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి "మందు అలవాటుందా?" అనేసింది.

"చుక్క ముట్టనండీ," అన్నాడు.

"దాచకండి. లివరు బాగా దెబ్బతింది. కిడ్నీల మీదా భారం పడుతోంది. ఇలాగే పెరిగితే ప్రాణం మీదికొస్తుంది."

"ఒట్టండీ!"

ఆవిడ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

నాకేం పాలుపోలేదు. తాగనివాడికి లివరెందుకు పాడవుతుంది? నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇంటికి రాగానే ఆయన పనిముట్ల సంచీ బోర్లించాను. రెంచీలు, గ్రీజు డబ్బా, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. చొక్కాలన్నీ వాసన చూశాను. కామెర్లు ఆయనకైతే, లోకమంతా పచ్చగా కనబడింది నాకు.

"ఎవరితో కూర్చుని తాగుతున్నారో చెప్పండి!"

"నీకేమైనా పిచ్చి పట్టిందేమే?" అన్నాడు. అరిచే ఓపిక కూడా లేదు పాపం.

కోపం కోపమే, మనిషి మనిషే. ఆయన మోకాళ్ల నొప్పికని మా వదిన తెచ్చిచ్చిన ఆకుల సారం నెలన్నరగా పూటకో మూత పోస్తున్నాను. ఒంట్లో చెడునంతా కడిగేస్తుందట. లివరుకూ మంచిదే కదా అని ఆ రోజు నుంచి రెండు మూతలు చేశాను. ఆయన మొహం చిట్లిస్తే, "ఆకులేగా, ఏం చేస్తాయి? తాగండి," అని కసిరాను.

వారం తిరిగేసరికి అంకెలు ఇంకా పెరిగాయి. డాక్టరమ్మ ఈసారి, "పొడులు, కషాయాలు, నోట్లోకి వెళ్లేవన్నీ చెప్పండి," అంది. చేతిసంచీలోంచి సీసా తీసి గర్వంగా బల్లమీద పెట్టాను.

"ఇదొక్కటేనండీ."

"మొన్న చెప్పలేదేం?"

"మీరడిగింది ఆ మందు గురించి కదండీ!"

ఆవిడ సీసా తిప్పి చూసింది. ఏమేం కలిపారో ఎక్కడా రాసిలేదు. "ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేను. కానీ మొక్కలవైనా కొన్ని సారాలు లివరును, కిడ్నీలను పాడుచేస్తాయి. వెంటనే ఆపేసి ఆసుపత్రిలో చేరండి. పూటకెంత తాగుతున్నారు?"

నేను సీసా మూతవైపు చూశాను.

"నేనేనండీ, తొందరగా తగ్గాలని ఈ వారం ఎక్కువ పోసుకున్నాను. తనకు తెలీదు," అన్నాడు మా ఆయన.

పదహారేళ్లలో నేను విన్న మొదటి అబద్ధం అది.

"కాదండీ, రెండేసి మూతలు," అన్నాను ఏడుస్తూ. "పోసింది నేనే."