కల్లం మీద కబడ్డీ

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచ కబడ్డీ మైదానం సంఘానికి నేను కార్యదర్శిని. పేరు దీపశ్రీ, బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం. నాకు ముక్కు మీదే కోపమని ఊళ్ళో అంటారు. అంటే అన్నారు గానీ, ఆ కోపమే లేకపోతే మైదానానికి దీపాల స్తంభాలు వచ్చేవి కావు. తహసీలు ఆఫీసు మెట్లు ఎనిమిది నెలలు ఎక్కి దిగాను. వాననీళ్ళు పోయే కాలువ తవ్వించాం, ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి రేకుల గది వేయించాం. ఇక మిగిలింది ఆట ఆడే కోర్టు ఒక్కటే.

ఇదంతా జ్యోత్స్న కోసం. జింగనూర్ పిల్ల, మా అమ్మాయిల జట్టుకు కెప్టెన్. జిల్లా పోటీలు ఎప్పుడూ చామోర్షిలోనే జరుగుతాయి. నిరుడు జింగనూర్‌కు బస్సు రాలేదు. అక్కడి పిల్లలు నలుగురూ పొద్దంతా రోడ్డు మీద నిలబడ్డారు. చామోర్షిలో మాత్రం జట్టు రాలేదని పేరు కొట్టేశారు. ఆడి ఓడిపోయి ఉంటే నేనింత మండిపడేదాన్ని కాదు. ఈ ఏడు దాటితే జ్యోత్స్నకు వయసు మించిపోతుంది, పద్దెనిమిది లోపు వాళ్ళకే ఆ పోటీలు. మా మైదానం తనిఖీలో నెగ్గితే ఈసారి పోటీలు సిరొంచలోనే. ఇక్కడి దాకా అయితే పిల్లలు ట్రాక్టరెక్కైనా వస్తారు.

కోర్టు పని సారక్కకు అప్పగించాను. నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఏ రైతు వడ్లు కొట్టాలన్నా కల్లం చేసేది ఆమే. ఆమె చేసిన కల్లంలో ఒక్క నెర్రె కనపడదు, ఒక్క గింజ మట్టిలో పోదు. కోర్టును కూడా కల్లంలాగే చెయ్యమన్నాను. ఆ మాట నాదే, ఇంకొకరి మీదికి నెట్టను. బడిలో కబడ్డీ ఆడినదాన్నై ఉండి కూడా పప్పులో కాలేశాను.

సారక్క పదిమంది ఆడవాళ్ళను పెట్టుకుని గడ్డి చెక్కించింది, నీళ్ళు పట్టింది, ఎడ్లను తిప్పింది, బండ దొర్లించింది, చివరికి పేడతో అలికింది. వారం తర్వాత చూస్తే అద్దంలా ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి మరీ నడిచారు.

శుక్రవారం పొద్దున పోటీల సంఘం తరఫున తనిఖీకి నిలేష్ సార్ వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. దీపాలు చూశాడు, కాలువ చూశాడు, రేకుల గది గొళ్ళెం వేసి తీసి చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. నేను అప్పటికే లోపల పండగ చేసుకుంటున్నాను. ఆఖరున జ్యోత్స్నను పిలిచి, కూతకు వెళ్ళి గీత అందుకునేటట్టు దూకమన్నాడు. పిల్ల దూకింది. లేచేసరికి రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ఏడవలేదు, నా వైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇది ధాన్యానికి చేసిన నేల, పిల్లలకు కాదని నిలేష్ సార్ మరాఠీలో మెల్లగానే చెప్పాడు. సోమవారం మళ్ళీ వస్తానని, అప్పటికి నేల మెత్తబడకపోతే పోటీలు చామోర్షిలోనేనని చెప్పి వెళ్ళిపోయాడు.

దున్నడం తప్ప మార్గం లేదు. నాగలికి ఎడ్లను కట్టుకుని మా ఊరి రైతు బీరయ్య వచ్చేసరికి సారక్క కోర్టు మధ్యలో నిలబడి ఉంది. ఒక్క నెర్రె చూపిస్తే తానే నాగలి పడతానంది. నెర్రె నిజంగానే లేదు. నాకు కోపం నషాళానికెక్కింది గానీ ఎవరి మీద చూపించను? తప్పు చెప్పింది నేను, చెప్పింది చెప్పినట్టు చేసింది ఆమె.

"నాదే తప్పు సారక్కా. నీ పనిల వంక లేదు. ఏం గావాల్నో నేనే సరిగ చెప్పలే" అన్నాను.

కోర్టు పక్కన జ్యోత్స్న కూర్చుని మోకాళ్ళకు పసుపు అద్దుకుంటోంది. సారక్క వెళ్ళి ఆ దెబ్బలు చూసింది. తిరిగొచ్చి, కొంగు నడుముకు చుట్టి, మేం వద్దనేలోపే రెండు మోకాళ్ళ మీద దభీమని కోర్టులో పడింది. లేపబోతే చెయ్యి విదిలించింది. కాసేపు అరచేత్తో నేలను తడిమింది.

"గింజకు గట్టిగుండాలె, పిల్లకు మెత్తగుండాలె. గంతేగదా, ముందుగాల చెప్పొద్దా బిడ్డా? దున్ను, బీరయ్యా."

ఆ మూడు రోజులూ మమ్మల్ని ఎవరినీ కూర్చోనివ్వలేదు. ప్రాణహిత ఒడ్డు నుంచి ఒండ్రు తెప్పించింది, చేల గట్ల నుంచి పుట్టమన్ను, రైసుమిల్లు నుంచి ఊక. అంతా జల్లెడ పట్టించింది. నేనూ పట్టాను, చేతులు బొబ్బలెక్కాయి. నేను పట్టిన మన్నులో ఒక రాయి దొరికితే నలుగురిలో కడిగేసింది. తడి ఎంతుండాలో పిడికిట్లో పట్టి తానే తేల్చింది. ఆదివారం సాయంత్రం ఆమె ఆడవాళ్ళు పదిమందీ నవ్వుకుంటూ ఒకరి తర్వాత ఒకరు పడి చూశారు.

సోమవారం నిలేష్ సార్ జ్యోత్స్నను పిలవబోతే సారక్క అడ్డం వచ్చింది.

"పిల్ల మొన్ననే పడ్డది సారూ. ఇయ్యాల మీరు పడి చూడుండ్రి."

ఆయనకు తెలుగు రాదు. ఒక్క ముక్క కూడా తగ్గించకుండా మరాఠీలో నేనే చెప్పాను. ఆయన తన తెల్ల ప్యాంటు చూసుకున్నాడు, సారక్క మొహం చూశాడు, బూట్లు విప్పాడు. పరుగెత్తి పాత ఆటగాడిలాగే దూకాడు. లేచి మోకాళ్ళు తడుముకుని, ఎవరూ అడగకుండానే ఇంకోసారి దూకాడు. మట్టి చేతులతోనే కాగితం మీద సంతకం పెట్టాడు.

పోటీలకు జింగనూర్ నుంచి రెండు ట్రాక్టర్ల జనం వచ్చారు. ఫైనల్‌లో మా మీద చామోర్షి జట్టు. చివరి కూతకు రెండు వైపులా పాయింట్లు సమానం. జ్యోత్స్న వెళ్ళింది, ఒకమ్మాయిని తాకి తిరిగింది, ముగ్గురు కలిసి కాళ్ళు పట్టేశారు. పిల్ల ఉన్న బలమంతా పెట్టి నిలువునా ముందుకు పడింది. వేళ్ళు గీత దాటాయి.

నేను అందరి ముందూ ఏడ్చాను. జట్టు జ్యోత్స్నను భుజాల మీదికి ఎత్తుకుంది. కోర్టు మీదికి జనం ఎగబడుతుంటే సారక్క మాత్రం చేతులు చాపి ఒకచోట నిలబడింది. పిల్ల పడ్డచోట మట్టిలో మోకాళ్ళ గుంటలు రెండు, నాలుగు వేళ్ళ గీతలు. పొద్దుగూకేదాకా అక్కడ ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు.