పొగడచెట్టు కట్ట

గవర్నర్‌పేటలో లాడ్జి నడిపే వెంకటకృష్ణారావు, కొండపల్లి దగ్గర తన మామిడితోటలో వాగుకు అడ్డంగా మట్టికట్ట వేయించి, నిలిచిన నీళ్లలో రెండు పడవలు వదిలాడు. ఆదివారాలు బంధువులూ స్నేహితులూ పిల్లలతో వచ్చి దిగేవారు. ఆయన కూతురు సుభాషిణి కట్ట మీద పొగడమొక్క నాటింది. మొక్క మోకాలెత్తు కాకముందే ఆ పిల్ల టైఫాయిడ్‌తో పోయింది. ఆ తర్వాత ఆయన తోట మొహం చూడలేదు. పిల్ల తల్లి పద్మావతమ్మ మాత్రం బస్సెక్కి వచ్చి మొక్క దగ్గర కాసేపు కూర్చుని పోయేది. ఏళ్లు గడిచి చెట్టు పూతకొచ్చింది.

డెబ్బై ఆరు వానాకాలంలో ఒకనాడు, కట్ట దిగువ పాకల్లో ఉండే దానమ్మ ఏడాది పిల్లను చంకనేసుకుని ఆమె దగ్గరకొచ్చింది.

"కట్ట అడుగున నీళ్లూరతన్నాయండి అమ్మగారూ. నిన్నటిదాకా తేటగా ఉన్నాయి. ఇయ్యాల ఎర్రగా వస్తన్నాయి."

పద్మావతమ్మ కబురంపితే, భర్త స్నేహితుడు, కాలవల ఇంజినీరు హుమాయూన్ వచ్చి చూశాడు.

"తేటనీళ్లయితే కొన్నాళ్లు చూడొచ్చు వదినగారూ. ఇవి లోపలి మట్టిని కడుక్కొస్తున్నాయి. చెట్టు వేళ్ల వెంట దారి చేసుకున్నాయి."

"చెట్టొక్కటీ కొట్టిస్తే?"

"వేళ్లు కుళ్లి ఇంకా బొక్కలు పడతాయి. ముందు పాకల్లోవాళ్లని మెరక మీదికి పంపండి. తూము ఎత్తి నీళ్లు వదిలేశాక కట్ట తవ్వించేయాలి. పెద్దవాన పడితే మన చేతుల్లో ఉండదు."

పాకలవాళ్లను కొండవాలుకు చేర్చి, తూము ఎత్తించి, సాయంత్రానికి ఇల్లు చేరిందామె. సంగతి విని భర్త తల అడ్డంగా ఊపాడు.

"ఇసక బస్తాలు వేయిద్దాం. వానలు వెళ్లాక చూద్దాం. అది దాని చెట్టు, పద్మా."

"నాకు తెలీదా? దానమ్మ చంకలో పిల్ల ఉందండీ."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారాక తనే కూలీలను పిలుచుకుని తోటకు బయల్దేరాడు.

నీళ్లు దిగిపోయాక పలుగులు పడ్డాయి. మట్టి విడిపోతుంటే చెట్టు మెల్లగా ఒరిగి, బురదలోకి పూలతో సహా వాలిపోయింది. "పువ్వులు తొక్కకండ్రా" అన్నాడాయన కూలీలతో. పద్మావతమ్మ వెళ్లి భర్త పక్కన నిలబడింది.

నెల తిరక్కుండానే పెద్దవాన కురిసింది. వాగు తవ్వేసిన కట్ట మధ్య నుంచి తన దారిన తాను పోయింది. పాకల్లోకి నీళ్లు రాలేదు.

ఆ మాట చెప్పడానికి దానమ్మ పిల్లతో గవర్నర్‌పేట వచ్చింది. "దీన్నొకసారి ఎత్తుకోండి అమ్మగారూ" అంది. పద్మావతమ్మ చేతులు చాచింది గాని, పిల్ల తల నుంచి చిన్ననాటి సుభాషిణి తలనూనె వాసనే తగలగానే ఆగిపోయింది.

"ఇవాళ కాదు దానమ్మా. ఇంకోసారి" అని, పిల్లకు అన్నం కలపడానికి లోపలికి వెళ్లింది.