నీడ వచ్చేదాకా

ఉషారాణి బిలాస్‌పూర్‌లో తన రైల్వే ఆఫీసుకొచ్చి, హాజరు పుస్తకంలో సంతకం పెట్టి, టైపు మిషన్ మీది గుడ్డ తీసి దులిపి, రెండు ఉత్తరాలు కొట్టడం అయ్యాక ఆమె నీడ గేటు దగ్గర కనిపించేది. చప్రాసీ కాళ్లు పక్కకి తీసుకుని దానికి దారి ఇచ్చేవాడు. అది వరండా పొడుగునా మెల్లిగా నడిచొచ్చి, హాజరు పుస్తకం దగ్గర ఆగి సంతకం పెట్టి, ఆమె కుర్చీలోకి చేరి, గుడ్డ తీసి దులిపేది. అప్పటికి ఉషారాణి మూడో ఉత్తరంలో ఉండేది.

పెళ్లయిన కొత్తలో ఆ నీడ అందరి నీడల్లాగే కాళ్లని అంటిపెట్టుకుని ఉండేది. అత్తగారు మంగాయమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న ఏడాది ఒక అడుగు వెనకబడింది. మొగుడు రమణబాబు గూడ్సు గార్డు. ఆయన డ్యూటీకి వేళాపాళా లేదు గనక ఆయన భోజనానికీ వేళాపాళా లేదు. కొళాయి రాకముందే లేవడం, అత్తగారిని లేపి కూర్చోబెట్టడం, మొగుడికి డబ్బా కట్టడం, ఆఫీసు, తిరిగొస్తూ గోల్ బజార్‌లో కూరలు, మళ్లీ పొయ్యి. మనిషికి తప్పదు. నీడకి జీతమా, పెన్షనా? అదెందుకు పరిగెడుతుంది? ఏడాదికేడాది వెనకబడుతూ అరగంట దాకా వచ్చింది.

రైల్వే డాక్టరు ఆమెని చూసి, బయట బెంచీ దగ్గరికి అప్పుడే చేరిన నీడని చూసి, బీకాంప్లెక్స్ రాసిచ్చాడు. ఆమె మింగింది. అరగంట పోయాక నీడా మింగింది. గుణం ఏమీ కనపడలేదు. ఒకసారైతే అది ఎవరో ఆవిడ వెనకాల పోయి మోప్కా వెళ్లే టెంపో ఎక్కేసింది. మర్నాడు పొద్దున్న ఆవిడే తీసుకొచ్చి, "మీదే కదా, పాపం, దారి తప్పింది" అని అప్పజెప్పి, టీ తాగి వెళ్లింది.

రాత్రి ఉషారాణి మంచం ఎక్కే వేళకి నీడ ఇంకా వంటింటి గోడ మీద గిన్నెలు తోముతూ ఉండేది. మంగాయమ్మ మంచం మీంచే అరిచేది.

"లైటు ఆర్పీకే! దాని అంట్లింకా అవనేదు."

అలా రోజులు ఈడుస్తుండగా, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాయి. ఇకమీదట గనుల దగ్గర సరుకెక్కించే ఏ సైడింగ్ లైను నుంచి ఎన్ని బొగ్గు వ్యాగన్లు కదిలాయో ఆ లెక్కలన్నీ ఎక్సెల్‌లో పెట్టాలన్నారు. టైపిస్టులూ గుమాస్తాలూ నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. పాసైన వాళ్లు బిలాస్‌పూర్‌లో ఉంటారు. తప్పిన వాళ్లు ఇంకా టైపు మిషన్లే నడుస్తున్న చోటికి, ఎక్కడో దూరాన చిర్మిరీ గనుల వైపు పోతారు. పక్క కుర్చీలో ఉండే మరో టైపిస్టుగారు, "ఈ వయసులో నాకు పలకా బలపం ఏమిటమ్మా" అని నవ్వి, ముందే రిటైర్మెంటు తీసేసుకున్నారు.

పరీక్ష సంగతి ఉషారాణి అన్నం వడ్డిస్తూ మొగుడికి చెప్పింది. రమణబాబు రెండు రాత్రుళ్లు లైన్ మీద ఉండి వచ్చాడు. కళ్లు మూతలు పడుతున్నాయి.

"చిర్మిరీ ఏస్తే నువ్వెలాగెల్తావు? అమ్మనెవరు లేపుతారు? పాసవకపోతే రిజైన్ ఇచ్చీ. అంతే."

కోపంగా అనలేదు. మజ్జిగ పొయ్యమన్నట్టే అన్నాడు. ఉషారాణి మజ్జిగ పోసింది. క్వార్టరు రమణబాబు పేరున ఉంది. వంటింట్లో తను ఎంత చాకిరీ చేసినా పెత్తనం మంగాయమ్మదే. ఈ లోకంలో ఆమెదంటూ ఉన్నది ఆ టైపు మిషన్ ముందర కుర్చీ ఒక్కటే. పేము చిరిగిపోయిన కుర్చీయే కావచ్చు, దాంట్లో కూర్చున్నంతసేపూ ఎవరూ ఆమెని కోడలా అని గానీ ఏమే అని గానీ పిలవరు. అది పోతే ఆమె బతకలేదని కాదు. బతుకుతుంది. ఆ బతుకెలా ఉంటుందో ఆమెకి తెలుసు, అందుకే భయం.

ఆఫీసయ్యాక దయాల్‌బంద్‌లో మేడ మీద ఉన్న కంప్యూటర్ క్లాసుకి వెళ్లడం మొదలుపెట్టింది. చెప్పులు బయట విప్పాలి. నేర్పే అమ్మాయి పేరు జ్యోతిర్మయి. బ్యాంకు మేనేజరుగారి కూతురు, బిలాస్‌పూర్‌లోనే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది, చదవమంటే దిక్కులు చూస్తుంది.

"ఆంటీ, ఇదంతా డబ్బాలు అన్నమాట. ఒక్కో డబ్బా ఒక సెల్. అడ్డంగా వెళ్తే రో, నిలువుగా కాలమ్. ఇక్కడ నంబర్ మారిస్తే కింద టోటల్ అప్నే ఆప్ మారిపోతది. దేఖియే."

ఉషారాణి చూసింది. పైన ఒక అంకె మారింది. ఎవరూ ముట్టకుండానే కింద మొత్తం మారింది. ఇన్నేళ్లూ ఒక్క అంకె తప్పితే కాగితం అంతా మళ్లీ మొదటి నుంచి కొట్టిన మనిషి. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏసీ చల్లదనానికి అనుకుంది జ్యోతిర్మయి.

ఇంటికెళ్లి అత్తగారికి చెప్పింది.

"గళ్లా? పచ్చీసు గళ్లలాంటివేటి?" అంది మంగాయమ్మ.

"అలాంటివే అత్తా. పందెం మనం వెయ్యక్కర్లేదు, అదే వేసుకుంటుంది."

"అయితే నువ్వెందుకు మరి?"



సైడింగులని అక్షరాల వరసన పేర్చడం వచ్చింది. గడులకి గీతలు గీయడం వచ్చింది. అంకెలన్నీ కుడివైపు అంచుకి బారు తీర్చడం మొదటి రోజే పట్టేసింది, టైపిస్టు కదా, అంకె పక్కకి జరిగితే కంట్లో నలుసులా ఉంటుంది. ఒక్క మొత్తమే కుదిరేది కాదు. కూడమంటే ఎప్పుడూ తక్కువ వచ్చేది. చిన్న నుంచి పెద్దకి పేర్చమంటే కొన్ని అంకెలు మాట వినకుండా అడుక్కి పోయి కూర్చునేవి. జ్యోతిర్మయి వచ్చి ఫార్ములా చూసేది. ఫార్ములా బాగానే ఉండేది. అంకెలన్నీ చెరిపేసి తను టకటకా కొట్టేది. మొత్తం ముత్యంలా వచ్చేది.

"నేను కొడితే వస్తది ఆంటీ, మీరు కొడితే రాదు. అజీబ్ బాత్ హై."

"నా హస్తవాసి అంతే మేడమ్," అంది ఉషారాణి.

ఇంట్లో మంగాయమ్మ కూడా అదే తేల్చింది. కోడల్ని మంచం దగ్గరికి పిలిచి, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. "నీడకి కూడా తీస్తాను, వొచ్చేక చెప్పు" అంది. ఉషారాణి అప్పటికే పొయ్యి దగ్గరికి పోయింది.

క్లాసులో కూడా నీడ ఆలస్యంగానే వచ్చేది. అది చెప్పులు విప్పి కుర్చీ లాక్కునే వేళకి ఉషారాణి సంచీ సర్దుకుని మెట్లు దిగిపోయేది. ఇంట్లో అత్తగారు ఎదురుచూస్తూ ఉంటుంది. వెనక్కి తిరిగి, నా నీడ ఏం చేస్తోందా అని చూసే తీరిక ఆమెకెప్పుడుంది?

పరీక్ష ఆఫీసులోనే, కొత్తగా కట్టిన కంప్యూటర్ గదిలో పెట్టారు. రాసేవాళ్లలో టైపిస్టు ఉషారాణి ఒక్కతే, మిగతా అందరూ గుమాస్తాలు. పరీక్ష జరిపించడానికి వచ్చిన పెద్దాయన తివారీగారు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని వక్కపలుకులు నములుతున్నాడు. ఒక్కో సైడింగ్ నుంచి నెలనెలా ఎన్ని వ్యాగన్లు బయల్దేరాయో కాగితం మీద ఇచ్చారు. అన్నీ ఎక్కించి, పేర్చి, కూడాలి. రావలసిన మొత్తం కాగితం అడుగునే ఉంది. దానితో సరిపోతే పాస్.

ఉషారాణి అందరికన్నా ముందు ఎక్కించింది. వేళ్లు ఆమెనెప్పుడూ మోసం చెయ్యలేదు. బారు తీర్చింది, కూడింది. మొత్తం తక్కువ వచ్చింది.

ఫార్ములా చూసింది. చెరిపి మళ్లీ కొట్టింది. అంతే వచ్చింది. తెర మీది అంకెలని కాగితంతో ఒక్కొక్కటీ పోల్చింది. తేడా కనపడలేదు. గుమాస్తాలు ఒక్కొక్కరే లేచి, తివారీగారికి చూపించి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోతున్నారు. ఉషారాణి చేతులు ఒళ్లో పెట్టుకుంది. రాజీనామా ఉత్తరం కూడా తనే టైపు చేసుకోవాలి కాబోలు అనుకుంది. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఊరికే అలసట వచ్చింది, మోకాళ్ల దగ్గర మొదలై మెడ దాకా.

అప్పుడు నీడ లోపలికి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, తివారీగారికి నమస్కారం పెట్టి, ఆమె కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. నెత్తిమీద ట్యూబులైటు వెలుగుతోంది. నీడ చేతులు కీబోర్డు మీదికి వచ్చాయి.

ఉషారాణి ఏ పనీ లేక వాటినే చూసింది. తన చేతులు ఇలా ఉంటాయా అనుకుంది. ఎంత అలిసిపోయిన చేతులు! అయినా ఒక్కచోట తడబడలేదు. కాగితం మీది మొదటి అంకె నూట ఇరవై. నీడ కుడిచేతి ఉంగరపు వేలు నొక్కింది. తర్వాతది పదిహేడు. మళ్లీ అదే వేలు. ఒకటి వచ్చినచోటల్లా ఆ ఉంగరపు వేలే పడుతోంది. కీబోర్డు పైవరసలో, ఎడమ చివర, ఒకటి అంకె తన మానాన తను ఉంది. దాని జోలికి ఏ వేలూ వెళ్లలేదు.

ఉషారాణి టైపు నేర్చుకున్న పాత మిషన్‌లో ఒకటి అంకెకి మీట లేదు. ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం కొడితే అదే ఒకటి. ఆఫీసు మిషనూ అలాంటిదే. కాగితానికి రెండూ ఒకటే గీత. చదివే ఆఫీసర్లకీ ఒకటే. ఈ తెర మీద కూడా కంటికి పెద్ద తేడా లేదు. కంప్యూటర్‌కి మాత్రం అక్షరం అక్షరమే, అంకె అంకే. ఎల్ ఉన్న గడినల్లా అది మాటగా తీసుకుని, కూడకుండా వదిలేస్తోంది. జ్యోతిర్మయి ఏనాడూ టైపు మిషన్ ముట్టలేదు, ఆ పిల్లకెలా తెలుస్తుంది?

"టైమ్ ఖతమ్, మేడమ్," అన్నాడు తివారీగారు లేస్తూ.

ఉషారాణి తనకి వచ్చిన హిందీలో చెప్పింది. "సార్, నా నీడ ఇంకా రాస్తోంది."

ఆయన కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. నీడ రెండో కాలమ్‌లో ఉంది.

"అచ్ఛా," అన్నాడు. సగం మనిషి ఇంకా పరీక్షలోనే ఉంటే కాగితం ఎలా లాక్కోవడం? రూల్సులో ఎక్కడా లేదు. మళ్లీ కూర్చుని ఇంకో వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు.

ఉషారాణి ఎల్ ఉన్న గడులన్నీ వెతికి పట్టుకుని, ఎడమచేతి చిటికెన వేలు చాపి, పైనున్న ఒకటిని నొక్కుతూ మళ్లీ కొట్టింది. ఆ వేలికి అలవాటు లేదు, నొప్పి పుట్టింది. ఒక్కో గడి మారినప్పుడల్లా కింద మొత్తం కొంచెం కొంచెంగా పెరిగింది. ఆఖరి గడి మారగానే కాగితం మీది అంకె దగ్గర ఆగింది. తివారీగారు వచ్చి పోల్చి చూసి, పేరు పక్కన పాస్ అని రాసి సంతకం చేశాడు. ఎలా పట్టుకున్నారని అడిగాడు. నీడ చూపించింది అంది. తలూపాడు.

రోజూలాగే సంచీ భుజానికేసుకుని పరిగెత్తబోయింది. నీడ ఇంకా తలవంచుకుని కొడుతోంది. అది తప్పు తెలుసుకోవాలి, ఆ తప్పులన్నీ దిద్దాలి. ఎంత పని ఉంది దానికి! ఇన్నేళ్లూ దీన్నిలా ఒంటరిగా వదిలేసి పోయానా అనుకుని ఉషారాణి సంచీ దించింది.

"నేను కాస్సేపు కూర్చుంటాను సార్," అంది.

కూర్చుంది. ఏ పనీ చెయ్యలేదు. నీడ అన్నీ దిద్దుకుని, మొత్తం కుదిరాక చేతులు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. కిటికీలోంచి షంటింగ్ ఇంజను కూత వినిపించింది. లేవాలనిపించినప్పుడు ఉషారాణి లేచింది. నీడా అప్పుడే లేచింది.

ఇల్లు చేరేసరికి రమణబాబు బనీనుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆకలి మీదున్నాడు.

"ఇంతసేపేటి? ఫెయిలైపోనావేటి?"

"పాసయ్యాను."

"మరింకేటి? ఎక్కడుండిపోనావు?"

"కూర్చున్నానండీ. అలిసిపోయాను."

కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట రాలేదు. గోడ మీద నీడ పెదాలు కూడా సరిగ్గా అప్పుడే కదిలాయి. రమణబాబు ఆమె వంక చూశాడు, గోడ వంక చూశాడు. ఉషారాణి సంచీ కిందపెట్టి, వంటింటి వైపు పోకుండా, అత్తగారి మంచం పక్కన నేల మీద కూర్చుంది. మంగాయమ్మ చెయ్యి చాచి ఆమె తల మీద వేసింది.

"ఇన్నాళ్లకి నోరిప్పింది. ఒరే, ఈ పూట అన్నం నువ్వు వండీరా."

రమణబాబు వంటింట్లోకి వెళ్లాడు. ఒక గిన్నె కింద పడింది. ఒక మూత దొర్లింది. మళ్లీ ఆయన తల గుమ్మంలో కనిపించింది.

"ఉషా, బియ్యం డబ్బా ఏదే?"

ఉషారాణి కూర్చునే చెప్పింది.