కదిలిన నూక

నూకల గురించి తనకు తెలిసినంత ఊళ్లో ఇంకెవరికీ తెలియదని మంగతాయారు నమ్మకం. ఇరవై ఏళ్లు రైసుమిల్లులో బియ్యం చెరిగిన చెయ్యి మరి. ఇంట్లో కుక్క పండుకు రోజూ నూకలన్నమే. అందుకే దాని తోక కింద తెల్లటి గింజలు రెండు అంటుకుని కనబడితే, తిండి ఒంటికి కూడా పూసుకుంటావురా అని తిట్టి దులిపేసింది. మూడేళ్ల మనవరాలు లిఖిత చడ్డీలో అలాంటివే కనబడితే, తిన్నది అరగడం లేదనుకుని వాము నీళ్లు పట్టింది. అలా నెల గడిచింది. కోడలు శ్రావ్యకు మాత్రం చెప్పలేదు. చెబితే ఇంకేమైనా ఉందా! చల్లపల్లి బట్టల కొట్లో ఉద్యోగం మానేసి పిల్లను తనే చూసుకుంటానంటుంది.

ఆ పిల్లకు అన్నం పెట్టడమంటే ఓ యజ్ఞం. పండు ఎదురుగా కూర్చోనిదే నోరు తెరవదు. పండుకో ముద్ద, లిఖితకో ముద్ద అంటూ మంగతాయారు ఒకే చేత్తో ఇద్దరికీ పెట్టేది. మధ్యలో పిల్ల కుక్కను కావలించుకుని బొచ్చులో మూతి దూర్చేది, కుక్క ఆ మూతి నాకేది. నానమ్మకు అదంతా ముచ్చటగానే ఉండేది.

ఆ గురువారం పొద్దున చడ్డీ ఉతకబోతుంటే నూక కదిలింది.

కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అది సాగింది, ముడుచుకుంది, మళ్లీ సాగింది. మంగతాయారు కుళాయి దగ్గరే చతికిలబడిపోయింది. ముందురోజే పొరుగింటి అంకమ్మ, పోయినవాళ్లెవరి గురించో చెబుతూ, పాపం భూమ్మీద నూకలు చెల్లిపోయాయి అంది. ఆ మాటే ఇప్పుడు చెవిలో గింగురుమంది. పిల్లకు రాసిపెట్టిన నూకలే రోజుకిన్ని చొప్పున రాలిపోతున్నాయా? నెల రోజులుగా తన చేత్తోనే వాటిని పారబోసిందా? 

శ్రావ్యను పిలిచి, అప్పుడే చూసినట్టు చూపించింది. దాన్ని ఖాళీ టానిక్ సీసాలో వేసుకుని ముగ్గురూ ఆటోలో అవనిగడ్డ వెళ్లారు. దారంతా లిఖిత పాటలు పాడుతూనే ఉంది. ఆ హుషారు చూస్తుంటే మంగతాయారుకు ఇంకా భయం వేసింది.

పిల్లల డాక్టరు హరిబాబు సీసా వెలుగుకు పెట్టి చూసి, ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు.

"ఇవాళేనండీ" అంది శ్రావ్య.

నిజం చెబితే పిల్ల తనకు దూరమవుతుంది. చెప్పకపోతే సరైన మందు పడక పిల్లే పోతుందేమో. మంగతాయారు డాక్టరు బల్ల దగ్గరికి జరిగింది.

"నెలైందండీ. నూకలనుకుని నేనే దులిపేశాను."

శ్రావ్య తల తిప్పి అత్తగారి వైపు చూసింది. 

అది పేగుల్లో పెరిగే బద్దెపురుగు నుంచి ఊడిన ముక్క అన్నాడు డాక్టరు. కుక్క బొచ్చులో గెంతే చిన్న పురుగులుంటాయి, అలాంటిదొకటి పిల్ల నోట్లో పడి ఉంటుంది, దాంతోపాటే ఇదీ కడుపులో చేరిందన్నాడు. ప్రాణభయం లేదు, మందుతో పోతుంది, కుక్కకూ వైద్యం చేయించి ఆ పురుగుల్లేకుండా చూడమని చెప్పాడు.

తిరుగు దారిలో శ్రావ్య పిల్లను తన ఒళ్లోనే కూర్చోబెట్టుకుంది. ఇంటికొచ్చి పండును పెరట్లో కట్టేసింది. అన్నం తనే కలిపి పెట్టబోతే లిఖిత పెదవులు బిగించుకుంది. మంగతాయారు తలుపు వారన నిలబడి చూస్తోంది. తనను ఎన్ని తిట్టినా పడుతుంది, పిల్లను ముట్టుకోవద్దంటే మాత్రం బతకలేదు.

చాలాసేపటికి శ్రావ్య కంచం పక్కన పెట్టి లేచింది.

"సబ్బుతో చేతులు కడుక్కుని రండి అత్తయ్యా. మీరు పెడితేనే తింటుంది."

మంగతాయారు మూడుసార్లు కడుక్కుంది. ముద్ద చేసి ఎత్తింది. లిఖిత నోరు తెరిచింది. ముద్దలో ఒక మెతుకు కదిలినట్టనిపించి, నానమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.