రెండు ఎడమ చేతులు

ఏడేళ్ళుగా పిట్ట కుట్టేది ఒక్కటే, చొక్కాకు ఎడమ చెయ్యి. పక్క మిషను మీద వాళ్ళ వదిన కుడి చెయ్యి కుడుతుంది. కాలర్లు వేరేవాళ్ళవి, జేబులు ఇంకొకరివి. పొద్దున ఎనిమిదింటికి కత్తిరించిన ముక్కల కట్ట వస్తుంది. విప్పడం, కుట్టడం, మళ్ళీ కట్ట కట్టడం. సన్నగా ఉంటుందని షెడ్డులో అందరూ పిట్ట అంటారు గానీ, ఈమధ్య ఆ పిట్టకు నాలుగు మెట్లెక్కితే మోకాళ్ళు పీకుతున్నాయి. నడుము సంగతి సరేసరి. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా అయినా మొదటినుంచి చివరిదాకా తన చేతిలో తయారైంది లేదు.

షెడ్డు చివర, కిటికీ పక్కన పొడవాటి బల్ల ఉంది. అది కటింగ్ మాస్టరుది. ఆయన అక్కడ నిలబడి సుద్దముక్కతో గీత గీస్తే చాలు, చొక్కా మొత్తం కనిపించేది. ఆయనకిప్పుడు చూపు ఆనడం లేదు. నెలాఖరుకు మానేస్తున్నాడు. "కావలసినవాళ్ళు ఈ నెల చివరి శుక్రవారం అన్నాల వేళకి వచ్చి ఒక చొక్కా కత్తిరించి చూపించండి. ఎవరిది బాగుంటే వాళ్ళకే ఈ బల్ల" అన్నాడు.

పిట్ట తన పేరు చెప్పింది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అంది వదిన, మిషను ఆపకుండానే. "హాయిగా కూర్చుని చేసే పని వదిలేసి, రోజంతా నిలబడే పనికి ఎగబడతావేమిటే?"

"కూర్చున్నా విరుగుతోంది కదా వదినా నడుము. నిలబడి విరిగితే ఏం పోయింది?"

"మీ అన్నయ్యా ఇంతే. పెళ్ళైన కొత్తలో లారీ కొంటానన్నాడు. సైకిలుకు గాలి కొట్టించడానికే ఇప్పటికీ బద్ధకం."

పిట్టకు నవ్వొచ్చింది. కానీ నవ్వే ఓపిక కూడా లేక దారం ఎక్కించుకుంది.

మూడు వారాలు తెల్లారకముందే లేచి, ఇంటి నేల మీద పాత పేపర్లు పరిచి కత్తిరించింది. పేపర్ని రెండు మడతలు పెట్టి, పైన చేతి ఆకారంలో కోసిన అట్ట ఉంచి కత్తిరిస్తే రెండు చేతులూ ఒకేసారి వచ్చేవి, ఒకటి ఎడమది, ఒకటి కుడిది. కళ్ళు మండేవి. అయినా రోజుకో చొక్కా పూర్తి చేసేది.

శుక్రవారం వచ్చింది. మాస్టరు బట్టను మడత లేకుండా ఒకే పొరగా పరిచాడు. పిట్ట చేతిలో సుద్ద చెమటకు తడిసింది. వీపు గీసింది, ముందు ముక్కలు గీసింది, కాలర్ గీసింది. గీత ఎక్కడా వణకలేదు. చేతి అట్ట పెట్టి గీసింది. దాన్ని పక్కకు జరిపి, మళ్ళీ గీసింది. కత్తెర తీసుకుంది. బట్టను కోస్తూ వెళ్తుంటే ఆ చప్పుడుకి నొప్పులన్నీ మరిచిపోయింది.

మాస్టరు ముక్కలన్నీ ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూశాడు. తల ఊపాడు. చివరికి రెండు చేతులూ తీసి, రెండిటి మంచివైపూ పైకే ఉండేలా ఒకదాని మీద ఒకటి పరిచాడు. అంచుకు అంచు సరిగ్గా సరిపోయింది.

సరిపోకూడదు. రెండోసారి అట్టను తిరగేసి పెట్టాలి. తిరగెయ్యలేదు. రెండూ ఎడమ చేతులే.

"ఏమ్మా, ఈ చొక్కా ఎవరు వేసుకుంటారు?" అన్నాడు మాస్టరు మెల్లగా. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బల్ల, పోటీకి వచ్చినవాళ్ళలో కాజాలు కుట్టే అతనికి వెళ్ళింది.

అందరూ వెళ్ళాక కూడా పిట్ట అక్కడే నిలబడి ఉంది. "మాస్టారూ, మళ్ళీ ఎప్పుడు పెడతారు?"

"ఈ బల్లకి ఒక్క మనిషే చాలమ్మా." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "బల్లలు ఇంకా చాలా చోట్ల ఉంటాయిలే. గీత బాగా వచ్చింది నీకు. కానీ ఏడేళ్ళు ఒకటే కుట్టావు, చెయ్యి అటే పోయింది. అన్ని ముక్కల పనీ పట్టుకో. పట్టుకున్నాక వెళ్ళు."

మధ్యాహ్నం రెండో విడత కట్టలు వచ్చాయి. పిట్ట తన కట్టను వదిన ముందుకి తోసింది.

"నీది నాకివ్వు వదినా. ఇవాళ్టి నుంచి కుడి చేతులు నేను కుడతాను."

"సూపర్‌వైజరు కేకలేస్తాడే."

"వెయ్యనీ."

మొదటి చెయ్యి తిరగబడింది. విప్పింది. రెండోదీ అంతే. వేళ్ళు పాత దారినే పోతున్నాయి. పొద్దున్నుంచి అన్నం లేదు, మెడ బండలా ఉంది. సూపర్‌వైజరు వచ్చి మీద నిలబడ్డాడు. "ఏంటి పిట్టా, పనిలో కొత్తగా చేరావా?"

"అవునండీ" అంది పిట్ట, తల ఎత్తకుండా.

ఆయన గొణుక్కుంటూ వెళ్ళాక వదిన నిట్టూర్చింది. "నాలుగు రోజులు పోతే కాలర్ కావాలంటావు."

"అంటాను."

"ఆ తర్వాత జేబు."

"జేబు కూడా."

"ఇక్కడ బల్ల లేదుగా నీకు, ఎందుకే ఇదంతా?"

"ఇక్కడ లేదు."

వదిన తన కుర్చీలోంచి పాత దిండు లాగి పిట్ట వీపు వెనక దోపింది. "ముందు ఆ నడుము నిలబెట్టుకో, మహాతల్లీ. ఎక్కడికి పోతావో పోదువుగానీ."

పిట్ట మూడో చెయ్యి కుట్లు కూడా విప్పేసి, తిరగేసి, మళ్ళీ సూది కింద పెట్టింది.